బ్యాటరీ దీపం వెలిగాక కారు ఎంత దూరం పోతుంది?

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగితే చాలామంది బ్యాటరీ పోయిందనుకుంటారు. కొందరు వెంటనే కొత్తది వేయించేస్తారు. ఒకటి రెండు రోజులకు అదీ డౌన్ అవుతుంది. నడుస్తున్న కారులో ఆ దీపం వెలిగిందంటే సాధారణంగా చార్జింగ్ ఆగిపోయిందని అర్థం. ఇంజన్ తిరుగుతున్నా ఆల్టర్నేటర్ కరెంటు ఇవ్వడం లేదు. సంపాదన ఆగిపోయి దాచుకున్నది తింటున్న ఇల్లులా కారు బ్యాటరీలోని నిల్వతో నెట్టుకొస్తోంది.

పాత అంబాసిడర్లలో ఈ పని డైనమో చేసేది. ఇంజన్ నిదానంగా తిరిగేటప్పుడు అది సరిపడా కరెంటు ఇవ్వలేకపోయేది. అమెరికాలో 1960లో క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారుకు ఆల్టర్నేటర్ బిగించింది. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఆల్టర్నేటర్‌ను ఇంజన్ ఒక బెల్టుతో తిప్పుతుంది. లోపల రోటర్ అనే విద్యుదయస్కాంతం తిరుగుతుంటే చుట్టూ ఉన్న రాగి తీగచుట్టల్లో ఏసీ కరెంటు పుడుతుంది. దాన్ని డయోడ్లు డీసీగా మారుస్తాయి. వోల్టేజీ 14 దరిదాపుల్లో ఉండేలా రెగ్యులేటర్ చూస్తుంది. రోటర్‌కు కరెంటు అందించేవి రెండు చిన్న కార్బన్ బ్రష్‌లు. తిరిగే రింగుల మీద ఏళ్ల తరబడి రాసుకుని అవి అరిగిపోతాయి. చాలా కార్లలో ఆల్టర్నేటర్ ఇంజన్ పక్కన కిందివైపు ఉంటుంది కాబట్టి, వానాకాలంలో మోకాలి లోతు నీళ్లలోంచి బండి తోలితే బురద నేరుగా బ్రష్‌ల్లోకి, బేరింగుల్లోకి చేరుతుంది.

ఆల్టర్నేటర్ చాలాసార్లు ముందే సూచనలిస్తుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హెడ్‌లైట్లు మందగించి, యాక్సిలరేటర్ తొక్కగానే పుంజుకుంటాయి. బెల్టు కీచుమంటుంది. బేరింగు అరిగితే గరగరమనే చప్పుడు, తీగచుట్ట మాడితే కాలిన వాసన వస్తాయి. ఒక డయోడ్ పాడైతే దీపం మసకగా మినుకుమినుకుమంటుంది, రాత్రి నిలిపి ఉంచిన కారు పొద్దున స్టార్ట్ కాకపోవచ్చు. రెగ్యులేటర్ చెడితే కథ ఇంకోలా ఉంటుంది: వోల్టేజీ 15 దాటిపోయి బల్బులు మాడతాయి, బ్యాటరీ నీళ్లు మరిగి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది.

ఇక దూరం లెక్క. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ సుమారు 35 ఆంపియర్-అవర్లది. అందులో చివరి బొట్టు వరకూ పనికిరాదు. వోల్టేజీ పడిపోయేసరికి ఇంజన్ కంప్యూటర్, పెట్రోలు పంపు మొరాయిస్తాయి. పగటి పూట ఏసీ, పాటలు, ఫోన్ చార్జర్ అన్నీ ఆపేస్తే ఇగ్నిషన్, పంపు, రేడియేటర్ ఫ్యాన్ కలిసి 15, 20 ఆంపియర్లు లాగుతాయి. బ్యాటరీ మంచిదైతే గంటకు అటూ ఇటూగా నడవొచ్చు. అదే వాన పడే రాత్రి రెండు హాలోజన్ హెడ్‌లైట్లకే 10 ఆంపియర్లు కావాలి. వైపర్లు, బ్లోయర్ తోడైతే అరగంట రావడమూ కష్టమే. బ్యాటరీ మూడు నాలుగేళ్లదైతే ఈ లెక్కల్లో ఇంకా కోత పడుతుంది.

దగ్గర్లో ఆటో ఎలక్ట్రీషియన్ ఉంటే మధ్యలో ఇంజన్ ఆపకుండా నేరుగా అక్కడికి వెళ్లడం మేలు. మళ్లీ స్టార్ట్ చేయడానికి సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగేస్తుంది. అయితే దీపంతో పాటు టెంపరేచర్ ముల్లు కూడా లేస్తుంటే సాహసం చేయకూడదు. చాలా ఇంజన్లలో అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే ఇంజనే కాలిపోతుంది. స్టీరింగ్ బరువెక్కినా, ఏబీఎస్ దీపం వెలిగినా బ్యాటరీ చివరికి వచ్చినట్టే. ఇంజన్ ఆగాక బ్రేకుకు సాయం రెండు మూడు తొక్కుళ్ల వరకే ఉంటుంది. ఆలోపే హజార్డ్ లైట్లు వేసి ఎడమ అంచుకు చేరాలి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయొచ్చు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పరీక్ష కొన్ని షెడ్లలో ఇంకా సాగుతోంది. డైనమోల కాలంలో చెల్లిన ఆ చిట్కా ఇప్పుడు శుద్ధ తప్పు. ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ ఇంజన్ కంప్యూటర్‌ను కాల్చేయగలదు. మల్టీమీటర్ ఉంటే చాలు. ఇంజన్ ఆపి చూస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్యకు చేరాలి. 12.6 నుంచి కిందికి జారుతుంటే చార్జింగ్ లేనట్టే. కొన్ని కొత్త కార్లలో మైలేజీ కోసం కంప్యూటరే చార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి, అక్కడ లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడాలి.

బ్రష్‌లు, రెగ్యులేటర్, బేరింగులు మార్చడం చిన్న ఖర్చుతో పోతుంది. తీగచుట్ట మాడితే రివైండింగ్ కన్నా మరో ఆల్టర్నేటర్ వేయించడమే నయం. రిపేరయ్యాక, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని బయట చార్జర్ మీద నింపి బిగించాలి. ఖాళీ బ్యాటరీని నింపే భారమంతా మీద పడితే, కొత్తగా బాగైన ఆల్టర్నేటర్ వేడెక్కి మళ్లీ డయోడ్లు పోగొట్టుకుంటుంది.