తుక్కు ఏరే చేతులు, ఇళ్లు కట్టే చేతులు

2018 మే నెలలో జోగులాంబ గద్వాల, వనపర్తి పల్లెల్లో వాట్సాప్ నిండా ఒకటే మాట: పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులు బిగించుకున్నారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను పెట్టి, డప్పు కొట్టించి, పాటలు పాడించి అది పుకారని చెప్పించారు. అక్కడ ప్రాణాలు దక్కాయి. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మాత్రం రంజాన్ నెలలో భిక్షకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది.

ఇలాంటి పుకారు పుట్టగానే మన చూపు ముందు వాలేది భుజాన సంచి ఉన్నవాళ్ల మీద, రోడ్డు పక్క డేరాల మీద. ఈ అనుమానానికి ఒకప్పుడు చట్టమే అండగా నిలిచింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని సంచార కులాలను పుట్టుకతోనే దొంగలుగా నమోదు చేసింది. 1952లో దాన్ని రద్దు చేశారు. అయినా 2018 నాటి పుకార్లలో వినిపించిన 'పార్థీ ముఠా' పేరు ఆ జాబితాలోని పార్ధీలదే.

ఇక ఆ సంచి మోసేవాళ్ల గురించి 'పనిచేయలేక చెత్త ఏరుకుంటారు' అనే మాట. ఏరడంతో ఆ పని అయిపోదు. నీళ్ల సీసా ఒక రకం, పాల కవరు ఇంకో రకం, విరిగిన బకెట్టు వేరే రకం. వంచి చూసి, చప్పుడు విని ప్లాస్టిక్‌ను విడదీస్తారు. అట్ట, ఇనుము, అల్యూమినియం, రాగి దేని ధర దానిదే. కలిపేస్తే పాత సామాన్ల దుకాణంలో రేటు పడిపోతుంది. మనం తడి చెత్తలోనే పగిలిన గాజు, వాడిన సూదులు పడేస్తాం. అందులో చెయ్యి పెట్టి తీసేది వాళ్లు. వాళ్లు ఏరిన ఇనుము చేతులు మారుతూ కొలిమికి చేరుతుంది. ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఉండిన కొత్తూరు, షాద్‌నగర్ వైపు ఉక్కు ఫ్యాక్టరీలు కరిగించే సరుకులో ఇలాంటి తుక్కు కూడా ఉంటుంది. అది కడ్డీలై భవనాల్లోకి పోతుంది.

ఆ భవనాలు కట్టేవాళ్లలో ఎంతోమంది పాలమూరు కూలీలు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు పల్లెల్లో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, వానకాలం పంట ఇంటికి చేరాక బొంబాయికో, హైదరాబాద్‌కో బయల్దేరతారు. సొంతూళ్లో తాళం వేసిన ఇల్లుంటుంది, ముసలి తల్లిదండ్రులుంటారు. పనిచోట ఉండేది టార్పాలిన్ గుడిసె. దాన్ని చూసి 'ఇల్లూ వాకిలీ లేనివాళ్లు' అనేస్తాం. అడ్వాన్సు తీరేదాకా వాళ్లు కదలలేరన్న సంగతి దారినపోయే మనకు కనబడదు. ఈ సంగతి తెలియకుండా వాళ్లను సోమరులనడం నాకు భరించరాని అన్యాయంగా తోస్తుంది.

నిజంగానే ఇల్లు లేనివాళ్లూ ఉన్నారు. 2011 జనగణన దేశంలో 17.7 లక్షల మందిని నిలువనీడ లేనివారిగా లెక్కించింది. ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌లు, రైల్వే ప్లాట్‌ఫారాలు, వంతెనల కింద తిరిగి రాసుకున్న లెక్క అది. ఒక్క రాత్రి లెక్కకు అందరూ దొరకడం కష్టం.

ఇలాంటివారి కోసం పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున, ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది.  చెత్త ఏరేవారిని గుర్తించి, చెత్త సేకరణ వ్యవస్థలో కలుపుకోవాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు మున్సిపాలిటీలకు చెప్పాయి. మీ పట్టణంలో ఆశ్రయం ఎక్కడుందో, ఏరేవారి నమోదు ఎంతవరకు వచ్చిందో కౌన్సిలర్‌ను అడగవచ్చు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. ఇంట్లో పొడి చెత్తను విడిగా ఉంచడానికీ, పగిలిన గాజును కాగితంలో చుట్టి పైన 'గాజు' అని రాయడానికీ మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.