పక్క బెంచీ పాట

స్కూల్లో వార్షికోత్సవం వస్తోందంటే మన ఇళ్ళల్లో ఎంత హడావుడో మీకు తెలియనిదేముంది! "అమ్మా, డాన్సుకు తళుకుల డ్రెస్సు కావాలంట, అద్దె డబ్బులు రేపే ఇవ్వాలంట" అని ఒకరు. "నన్ను దేంట్లోకీ తీసుకోలేదు" అని మూతి ముడుచుకునేది ఇంకొకరు. డబ్బులు సర్దడంలో పడి ఆ రెండో మాట మనం సరిగ్గా వినం. నేనూ చాలా ఏళ్ళు వినలేదు.

మాది ఆదోని, నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. ఆదోని తాలూకా ఒకప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. జిల్లా మారింది గానీ ఇంట్లో మాట మారదు కదా! హొళగుంద, కౌతాళం వైపు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళల్లో కన్నడమే మాట్లాడతారు. నవాబుల కాలం నుంచీ ఉర్దూ ఉంది. పత్తి వ్యాపారానికి వచ్చి స్థిరపడ్డ మార్వాడీలు ఉన్నారు. మా హైస్కూళ్ళల్లో ఒక్క బెంచీ మీదే మూడు ఇంటి భాషల పిల్లలు కూర్చుంటారంటే ఆశ్చర్యం లేదు.

అయితే ఆ సంగతి స్టేజీ మీద మాత్రం కనపడేది కాదు. మా అమ్మాయి చదివిన స్కూల్లో సాంస్కృతిక సంఘం అని పేరుకు ఒకటి ఉండేది. ఏటా అవే నాలుగు సినిమా డాన్సులు, అవే ఇంగ్లీషు ఉపన్యాసాలు. అద్దె డ్రెస్సుకు డబ్బు కట్టగలిగిన పిల్లలే పైన, మిగతావాళ్ళు కింద చాపల మీద.

మా అమ్మాయి తొమ్మిదిలో ఉండగా కొత్తగా వచ్చిన తెలుగు టీచరమ్మ ఆ పద్ధతి మార్చారు. "మీ ఇంట్లో అమ్మగానీ అవ్వగానీ పాడే జోలపాట ఒకటి నేర్చుకుని రండి. ఏ భాషైనా సరే" అన్నారు. డ్రెస్సు అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు.

మా వీధిలో హొళగుంద వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళమ్మాయి మా అమ్మాయి క్లాసే. ఆరో తరగతిలో ఆ పిల్ల తెలుగు పాఠం చదివితే యాస విని అందరూ నవ్వారట. అప్పట్నుంచి క్లాసులో నోరు తెరవలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నవ్విన వాళ్ళల్లో మా అమ్మాయి కూడా ఉంది.

ఆ పిల్ల తల్లిని నేనే స్కూలుకు రమ్మన్నాను. "నాకు తెలుగు సరిగ్గా రాదక్కా, నగుతారు" అంది. "పాటకు నవ్వేదెవరమ్మా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆరోజు ఆ పిల్ల కన్నడ జోగుళ పాడింది. మా ఎదురింటి ఆపా కూతురు ఉర్దూలో లోరీ పాడింది. మా అమ్మాయి పాడింది మా అమ్మ పాట. ఎమ్మిగనూరంటే మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా! మా అమ్మ రాట్నం దగ్గర కండెలు చుడుతూ, కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు కట్టుకుని పాడేది ఆ పాట. మూడూ వింటే మాటలే వేరు, ఊపు ఒక్కటే. ఆ తల్లి చివరి వరసలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

మా పడమటి పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. వెంట పోయిన పిల్లల చదువు ఆగిపోతుంది. ఆ ఏడు ఆ తల్లి కూతుర్ని తీసుకుపోలేదు, అవ్వ దగ్గర వదిలి పోయింది. పాట ఒక్కటే కారణమని నేననను. కానీ "మా పిల్ల లేకపోతే టీచరమ్మ అడుగుతుందక్కా" అని ఆమె అన్న మాట మాత్రం నేను మరిచిపోలేదు.

2015లో మొదలైన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' గురించి మీరు వినే ఉంటారు. రాష్ట్రాలను జతలు చేసి, ఒకరి పాటలూ మాటలూ ఒకరు నేర్చుకోమన్నారు. మన ఆంధ్రకు జత పంజాబ్. ఆ పేరుతో స్కూళ్ళల్లో క్లబ్బులు కూడా పెట్టారు. మంచిదే, పంజాబీ తప్పకుండా నేర్చుకోవాలి. వాళ్ళూ జోలపాటను లోరీ అనే అంటారట! అయితే పంజాబ్ దాకా వెళ్ళే ముందు పక్క బెంచీ పిల్ల పాట కూడా నేర్చుకోవద్దూ?

ఇందులో మనం చేయగలిగినవీ ఉన్నాయి.

* అద్దె డ్రెస్సులు తప్పనిసరి అంటే, తల్లులం నలుగురం కలిసి వెళ్ళి టీచర్లతో నెమ్మదిగా మాట్లాడదాం. ఒక్కరం వెళితే గొణుగుడు అనుకుంటారు.

* ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. నవంబరు 1న ఇటు ఆంధ్రప్రదేశ్ అవతరణ, అటు కన్నడ రాజ్యోత్సవం. రెండూ 1956లో ఒకే రోజు వచ్చినవే. పిల్లలతో ఆరోజు రెండు భాషల పాటలూ పాడించమని అడగొచ్చు.

* స్కూల్లో వంటల స్టాలు పెడితే మన ఉగ్గాని పెట్టండి. కన్నడంలో ఒగ్గరణె అంటే పోపు. మన ఉగ్గానికి ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందంటారు. గిన్నె ముందు నిలబడి ఆ ఒక్క మాట చెబితే చాలు, పిల్లలకు అదే పాఠం.

* మాట రాదని వెనకాడే తల్లి మీ వీధిలో ఉంటే, మీతో పాటు తీసుకెళ్ళండి.

ఇకమీద మీ పాప స్కూలు నుంచి రాగానే "నీకు ఎన్ని మార్కులు?" అని అడిగాక ఇంకో మాట కూడా అడగండి. "నీ పక్కన కూర్చునే పిల్ల ఇంట్లో ఏ మాట మాట్లాడుతుంది?" తనకు తెలియకపోతే రేపు కనుక్కుని వస్తుంది.