ఆగని పెడళ్ళు

మీ ఇంట్లో సైకిలు ఉంటే స్టాండు వేసి, పెడలు చేత్తో గట్టిగా తిప్పి వదలండి. పెడలు ఆగినా వెనక చక్రం ‘టిక్ టిక్’మంటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు ఫ్రీవీలుది. దాని లోపల నాలుకల వంటి చిన్న ఇనప ముక్కలుంటాయి. ముందుకు తొక్కినప్పుడు అవి పళ్ళకు తగులుకుని చక్రాన్ని తిప్పుతాయి. తొక్కడం మానగానే పళ్ళ మీదుగా జారిపోతాయి. పల్లంలో మనం కాళ్ళు కదపకుండా హాయిగా పోగలగటం దాని చలవే.

ఫ్రీవీలు లేని సైకిళ్ళు కూడా ఉన్నాయి. వాటిని ‘ఫిక్సెడ్ గేరు’ సైకిళ్ళంటారు. వాటిలో వెనక పళ్ళ చక్రాన్ని హబ్బుకే బిగించేస్తారు. అందుచేత చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, వాటితోబాటు కాళ్ళూ తిరగవలసిందే! చిన్నపిల్లల మూడు చక్రాల బండి కూడా ఇలాటిదే. వెనక్కు తొక్కితే వెనక్కే పోతుంది.

వెనకటి సైకిళ్ళు చాలావరకు ఇలాగే ఉండేవి. 1870 తరవాత ఇంగ్లండులో వాడిన పెద్ద చక్రం సైకిళ్ళకు పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. పల్లం వస్తే కొందరు కాళ్ళు ఎత్తి హేండిలు మీద వేసుకునేవారు. అప్పుడు సైకిలు దేనికైనా తగిలితే మనిషి ఎగిరి పడేవాడు.

ఇంత చిక్కు ఉన్నా ఈ సైకిలంటే ఇష్టపడేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. ఎందుకంటే ఇందులో భాగాలు తక్కువ. బరువూ తక్కువ, మరమ్మతూ తక్కువ. వేగం పెంచటానికీ, తగ్గించటానికీ కాళ్ళే చాలు. పందేల కోసం కట్టిన వాలు బాటల మీద, అంటే వెలోడ్రోములలో, ఈ సైకిళ్ళే వాడతారు. వాటికి బ్రేకులుండవు. ఒకరి వెనక ఒకరు దగ్గరగా పోయేటప్పుడు ముందువాడు హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనకవాళ్ళంతా పడిపోతారు గదా! జపానులో 1948లో ఆరంభమైన ‘కేరిన్’ పందేలు కూడా ఈ సైకిళ్ళ మీదనే జరుగుతాయి.

కాని రోడ్డు సంగతి వేరు. ముందు పళ్ళ చక్రానికి 48 పళ్ళు, వెనకదానికి 16 ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం మూడు చుట్లు తిరిగి, సైకిలు సుమారు 6.3 మీటర్లు పోతుంది. పల్లంలో వేగం గంటకు 45 కిలోమీటర్లయితే కాళ్ళు నిమిషానికి దాదాపు 120 సార్లు తిరగాలి! అలవాటు లేనివాడు కాళ్ళు ఆపబోతే పెడలు అతన్ని ఎత్తి పడెయ్యగలదు. మలుపులో సైకిలు మరీ వాలితే కింది పెడలు నేలకు తగులుతుంది. పంచె అంచో, బూటు తాడో చెయినులో చిక్కుకుంటే చెయిను వెంటనే ఆగదు.

వెనక చక్రాన్ని కాళ్ళతో పట్టి ఆపటం కన్న ముందు బ్రేకుతో సైకిలు చాలా త్వరగా ఆగుతుంది. ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది గనక వెనక చక్రానికి పట్టు తగ్గి, అది జారుతుంది. అందుకే బ్రిటనులో ఇలాటి సైకిలు రోడ్డెక్కాలంటే ముందు బ్రేకు ఉండి తీరాలని చట్టమే ఉంది.