షిఫ్టు మారే వేళ: కారు పందెం నేర్పే నాయకత్వం

మోటారు రేసుల నుంచి వ్యాపార నాయకత్వానికి పాఠాలు తీసే ఉపన్యాసాలు చాలావరకు ఫార్ములా వన్ వేగం దగ్గరే ఆగిపోతాయి. 2023లో ఖతార్ గ్రాండ్ ప్రీలో మెక్‌లారెన్ బృందం నాలుగు చక్రాలనూ 1.80 సెకన్లలో మార్చిన ఘనత వాటికి ఎంతో ఇష్టమైన ఉదాహరణ. అయితే ఒమాన్‌లో మస్కట్‌కు పశ్చిమాన, బాతినా తీరాన ఉన్న బర్కా వంటి పట్టణంలో షిఫ్టుల మీద మనుషులను నడిపించే వారికి ఆ రెండు సెకన్ల విన్యాసం కంటె ఎండ్యూరెన్స్ రేసు ఎక్కువ పనికివస్తుంది. ఒకే కారును సాధారణంగా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా కొన్ని గంటలు మొదలుకొని ఇరవై నాలుగు గంటల దాకా నడిపే పందెం ఇది.

ఈ పందేల్లో ఒమాన్‌కు పేరు తెచ్చిన డ్రైవరు అహ్మద్ అల్ హార్తీ. 2017లో జానీ ఆడమ్‌తో కలిసి బ్లాంక్‌పాన్ ఎండ్యూరెన్స్ పోటీల ప్రో-యామ్ విభాగంలో, అంటే వృత్తి డ్రైవరూ ఔత్సాహిక డ్రైవరూ కలిసి నడిపే విభాగంలో, ఛాంపియన్‌గా నిలిచిన ఆయన, 2023లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో రెండో స్థానం సాధించిన జట్టులో ఉన్నారు. 2024లో మోటార్‌సైకిల్ దిగ్గజం వాలెంటినో రోస్సీ, బెల్జియం డ్రైవరు మాక్సిమ్ మార్టిన్‌లతో కలిసి బీఎండబ్ల్యూ కారు నడిపి, ఇటలీలోని ఇమోలాలో మళ్లీ తమ తరగతిలో రెండో స్థానం అందుకున్నారు.

ఈ విజయాల వెనుక ఉన్న నిబంధనను వ్యాపార పాఠాలు చెప్పేవారు అంతగా పట్టించుకోరు. ప్రపంచ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ డ్రైవర్లను వారి అనుభవాన్నీ ఫలితాలనూ బట్టి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు శ్రేణులుగా విభజిస్తుంది. అల్ హార్తీ పోటీపడిన తరగతిలో ప్రతి కారుకూ కనీసం ఒక బ్రాంజ్ డ్రైవరు ఉండి తీరాలి, ఆ డ్రైవరు నిర్ణీత కాలం స్టీరింగ్ పట్టి తీరాలి. అన్ని జట్లలోనూ ఉన్న మేటి డ్రైవర్ల మధ్య తేడా ల్యాపుకు సెకనులో కొద్ది వంతులే కాగా బ్రాంజ్ డ్రైవర్ల మధ్య తేడా అంతకంటె చాలా పెద్దది కాబట్టి, మేటివాడిని మరింత మేటిని చేయడం కంటె నెమ్మదైనవాడిని కొంచెం ముందుకు తీసుకురావడం వల్లనే జట్టుకు ఎక్కువ సమయం కలిసివస్తుంది. అందుకే తెలివైన జట్లు సాధన సమయంలో పెద్ద భాగాన్ని బ్రాంజ్ డ్రైవరుకే కేటాయిస్తాయి, కారును కూడా అతడి చేతికి నమ్మకంగా ఒదిగేలా సర్దుతాయి. ఇందులో ఆదర్శం కంటె లెక్కే ఎక్కువ. పైగా చాలా జట్లలో ఖర్చు భరించేది కూడా ఆ ఔత్సాహికుడే కనుక అతడికి దక్కే గౌరవంలో డబ్బు పాత్ర లేదనడం అమాయకత్వం. అయినా, కొత్తగా చేరిన ఆపరేటరును పాత చేతుల వెనుక నిలబెట్టి వదిలేసే సంస్థలకు ఈ లెక్క తప్పక పనికివస్తుంది.

విశ్రాంతి విషయంలోనూ ఈ క్రీడ స్పష్టంగా ఉంటుంది. లె మాన్స్‌లో ఏ డ్రైవరూ ఆరు గంటల వ్యవధిలో నాలుగు గంటలకు మించి, మొత్తం మీద 14 గంటలకు మించి నడపకూడదు. "నేను నడపగలను" అని డ్రైవరు పట్టుబట్టినా నిబంధన సడలదు. అలసటను అంచనా వేసుకునే బాధ్యతను అలసినవాడికే వదలకపోవడం ఇక్కడి వివేకం. ఒమాన్ చట్టం కూడా జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట పనిని నిషేధించి ఇదే పని చేసింది. ఆ మూడు గంటలను నష్టంగా కాక ప్రణాళికలో భాగంగా చూసి, తెల్లవారుజాము పనిని దానికి తగ్గట్టు అమర్చుకునే యజమానే ఈ చట్టాన్ని అర్థం చేసుకున్నవాడు.

ఇక అన్నిటికంటె కీలకమైనది చేతులు మారే ఘడియ. బర్కాలో 2003లో మొదలైన విద్యుత్తు, మంచినీటి కర్మాగారంతో పాటు, 2018లో పని ప్రారంభించిన, సముద్రజలం నుంచి రోజుకు 2.81 లక్షల ఘనపు మీటర్ల మంచినీరు తీయగల మరో కర్మాగారం కూడా ఉంది. ఇలాంటి చోట యంత్రం ఆగదు, మనిషే మారతాడు, కాబట్టి దిగే మనిషికి తెలిసినది ఎక్కే మనిషికి అందకపోతే పంపు చప్పుడులో వచ్చిన చిన్న తేడా కూడా గంటల తరబడి ఎవరికీ పట్టదు. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు ఈ సమస్యకే రేసు జట్ల దగ్గర పరిష్కారం వెతికారు. గుండె శస్త్రచికిత్స ముగిసిన పిల్లలను ఇంటెన్సివ్ కేర్‌కు అప్పగించేటప్పుడు జరిగే గందరగోళాన్ని గమనించి, ఫెరారీ జట్టు చక్రాలు మార్చే పిట్ స్టాప్ పద్ధతిని పరిశీలించి, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏది ముందు ఏది తరువాత, మొత్తానికి ఎవరి మాట చెల్లాలి అన్నవి నిర్ణయించుకున్నారు. ఆ పెద్దరికం మత్తు వైద్యుడికి దక్కింది. 2007లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం సాంకేతిక పొరపాట్లు సగటున 5.42 నుంచి 3.15కు, చెప్పకుండా వదిలేసిన సమాచారం 2.09 నుంచి 1.07కు తగ్గగా, అప్పగింతకు పట్టే సమయం మాత్రం పెరగలేదు.

ఓటమిని మోసే తీరులో టయోటా కథ చెప్పుకోదగినది. 2016 లె మాన్స్‌లో గెలుపు మరి కొన్ని నిమిషాల దూరంలో ఉండగా ముందున్న టయోటా కారు శక్తి కోల్పోయి ఆగిపోయింది. కారణం టర్బోచార్జరుకూ గాలిని చల్లబరిచే భాగానికీ మధ్య ఉన్న గొట్టపు జోడింపు విఫలం కావడం. అప్పుడు స్టీరింగ్ పట్టి ఉన్న కజుకి నకాజిమానే 2018లో అదే పందెంలో టయోటాకు తొలి గెలుపు అందిస్తూ చివరి గీత దాటించాడు. లోపాన్ని గొట్టంలో వెతికినందువల్ల మనిషి మిగిలాడు.

హైదరాబాదు కూడా ఈ పాఠశాలకు దూరం కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద జరిగిన ఫార్ములా ఈ, అంటే విద్యుత్ కార్ల పందెంలో, జాన్ ఎరిక్ వెర్న్ తన బ్యాటరీలో మిగిలిన కొద్దిపాటి శక్తిని పొదుపుగా వాడుకుంటూ వెనుక నుంచి ఒత్తిడి పెట్టిన నిక్ కాసిడీని చివరిదాకా ఆపి గెలిచాడు. ఆ పందెం మాత్రం 2024లో మళ్లీ జరగలేదు. ప్రభుత్వం మారాక ఒప్పందం నిలవక రద్దయింది. డ్రైవరు పొదుపు ఎంత గొప్పదైనా, పందెం నిలవాలంటే ట్రాకు బయట కుదుర్చుకున్న ఒప్పందాలు కూడా నిలవాలి.

రేసుకు జెండా ఊపే ఘడియ ఒకటి ఉంటుంది, కర్మాగారానికి ఉండదు. అందుకే పందెపు తెగింపునంతా పరిశ్రమలోకి తేవడం ప్రమాదం, తీసుకోదగినవి దాని వంతుల పద్ధతి, విశ్రాంతి నియమం, అప్పగింత క్రమం మాత్రమే. బర్కాలో తెలుగు, మలయాళం, బెంగాలీ, అరబ్బీ మాట్లాడేవారితో షిఫ్టులు నడిపే మేనేజర్లు అప్పగింతకు పట్టే నిమిషాలను కూడా జీతపు వేళలో లెక్కగట్టాలి. అప్పగింత పుస్తకాన్ని దిగేవాడూ ఎక్కేవాడూ ఇద్దరూ చదవగల భాషలో రాయించాలి.