మెథాంఫెటమిన్ వ్యసనం: తల్లికి చికిత్స, బిడ్డకు రక్షణ

మెథాంఫెటమిన్ రసాయనాలతో తయారుచేసే ఉత్తేజక మాదకద్రవ్యం. గాజు పలుకుల్లా ఉండే రకాన్ని ‘ఐస్’, ‘క్రిస్టల్’ అంటారు. ఇది మెదడులో డోపమైన్‌ను ఒక్కసారిగా వెల్లువలా విడుదల చేయిస్తుంది. రక్తంలో దీని మోతాదు సగానికి తగ్గడానికే దాదాపు 10 గంటలు పడుతుంది. ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, 10-75 ఏళ్ల వారిలో సుమారు 0.18 శాతం మంది ఈ తరహా ఉత్తేజకాలు వాడుతున్నారు.

మందు లేని వ్యసనం

తరతరాలుగా తెలుగువారు స్థిరపడిన జంషెడ్‌పూర్‌లో మత్తు కేసులంటే ముందుగా వినిపించేది బ్రౌన్ షుగర్ పేరు. దాని చికిత్సకు బుప్రెనార్ఫిన్ వంటి మందులున్నాయి. మెథాంఫెటమిన్‌కు ఆమోదం పొందిన మందు ఇంతవరకు లేదు. కౌన్సెలింగ్‌తో పాటు, మూత్ర పరీక్షలో మత్తు ఆనవాళ్లు లేనప్పుడల్లా చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి బాగా పనిచేస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. దీనికి నెలల తరబడి ఓపిక కావాలి. అంటే నిధులు మాత్రల కన్నా శిక్షణ పొందిన సిబ్బంది మీద ఎక్కువ ఖర్చు కావాలి.

పిల్లల మాటేమిటి?

గర్భంలో ఈ మందు ప్రభావానికి గురైన శిశువులు తక్కువ ఎదుగుదలతో పుట్టే అవకాశం సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని అమెరికాలో జరిగిన ‘ఐడియల్’ అధ్యయనం గుర్తించింది. ఆ పిల్లల ప్రవర్తనలో తర్వాత కనిపించే ఇబ్బందుల్లో ఇంటి వాతావరణానికీ పెద్ద పాత్ర ఉందని అదే అధ్యయనం తేల్చింది. పుట్టాక అందే ఆదరణ వారి భవిష్యత్తును మార్చగలదు.

రెండు దారుల నిధులు

వ్యసన చికిత్స కేంద్రాలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద నిధులిస్తుంది. పిల్లల సంరక్షణ మహిళా, శిశు అభివృద్ధి శాఖ చేతిలో ఉంది. ‘మిషన్ వాత్సల్య’ కింద అర్హత ఉన్న బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం అందుతుంది. బిడ్డను ఎవరు చూస్తారన్న బెంగతోనే చాలామంది తల్లులు చికిత్సకు రారు. అందుకే చికిత్స కేంద్రంలో చేర్చుకునేటప్పుడే ‘పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు?’ అని అడిగి, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి తెలియజేయాలి. అప్పుడే ఈ రెండు పథకాలూ ఒకే ఇంటికి చేరతాయి.

తక్కువ పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరులు తామే ముందుకొచ్చి చికిత్స పూర్తిచేస్తే, ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ వారికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది.

సాయానికి: మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.