సోంపు: పూత, కీటకాలు, పరిమళం

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత సోంపు పంటలో గింజ కట్టడానికి కీటకాలు ఎందుకు అవసరమో, ఆ గింజలోని పరిమళాన్ని వంటలో ఎలా నిలుపుకోవాలో మీరు వివరించగలుగుతారు.

1. పరిమళం

భోజనం తరువాత నమిలే సోంపుకూ, బిర్యానీలో వేసే అనాసపువ్వుకూ వాసనలో పోలిక ఉంది. కాని ఇవి ఒకే కుటుంబానికి చెందినవి కావు. సోంపు ధనియాలు, జీలకర్ర, వాములతో పాటు ఏపియేసి కుటుంబంలో చేరుతుంది. అనాసపువ్వు పువ్వే కాదు, ఒక చెట్టు కాయ. అయినా రెండింటి తైలంలోనూ అనెథోల్ అనే పదార్థమే ప్రధానం. వాసన కలవడానికి కారణం అదే.

2. పూత నిర్మాణం

సోంపు పుష్పవిన్యాసం సంయుక్త గుచ్ఛం. అంటే చిన్న గొడుగులతో ఏర్పడిన పెద్ద గొడుగు వంటిది. పసుపుపచ్చని పూలు చాలా చిన్నవి. మకరందం లోతైన గొట్టంలో దాగి ఉండదు. పువ్వు పైభాగంలోనే ఊరుతుంది. అందువల్ల తేనెటీగలతో పాటు పొడవైన నాలుక లేని ఈగలు, కందిరీగలు కూడా దానిని అందుకోగలవు.

ప్రతి పువ్వులోను ముందుగా కేసరాలు పుప్పొడిని విడుదల చేస్తాయి. ఆ తరువాతనే కీలాగ్రం పుప్పొడిని స్వీకరించే దశకు వస్తుంది. దీనిని పుంభాగ ప్రథమోత్పత్తి అంటారు. ఈ కారణంగా పువ్వుకు తన పుప్పొడి తనకు పనికిరాదు. మరో పువ్వు నుండి రావాలి. దానిని మోసుకువచ్చేవి ముఖ్యంగా కీటకాలే.

3. సాగులో జాగ్రత్తలు

మన దేశంలో సోంపు ప్రధానంగా గుజరాత్, రాజస్థాన్‌లలో పండుతుంది. రబీ పంటగా అక్టోబరు ప్రాంతంలో విత్తుతారు. పూత దశలో పేనుబంక ఆశిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది: రైతు మందు చల్లాలనుకునే రోజులూ, తేనెటీగలు పూలపై వాలే రోజులూ ఒకటే. పట్టపగలు మందు చల్లితే పేనుబంకతో పాటు తేనెటీగలూ చనిపోతాయి. పేనుబంకను తినే అక్షింతల పురుగులూ మిగలవు. పురుగు పోయినా గింజ కట్టక పంట తగ్గవచ్చు. కాబట్టి పూతకు ముందే పేనుబంకను గమనించి అదుపు చేయాలి. మందు తప్పనిసరైతే తేనెటీగలు గూడు చేరిన తరువాత, సాయంత్రం పూట చల్లాలి.

4. వంటలో వినియోగం

అనెథోల్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. వేడికి ఆవిరై పోతుంది. కాబట్టి గింజలను సన్నని సెగపై నూనెలో కొద్దిసేపే వేయించాలి. బెంగాలీల పాంచ్ ఫోరన్ పోపులో జరిగేది ఇదే. పొడి అయితే కూర దించే ముందు కలపాలి.

అభ్యాసం: పెరటి సోంపు మొక్కలో పూలు విచ్చకముందే ఒక గుచ్ఛానికి పలుచని గుడ్డ సంచి కట్టండి. గింజలు ముదిరిన తరువాత, కట్టని గుచ్ఛంలోని గింజలతో లెక్కించి పోల్చండి. తేడాకు కారణాన్ని 2వ విభాగం ఆధారంగా రాయండి.