ఎద్దుల బిడారు: మేత లెక్క, నీటి లెక్క

విద్యార్థులారా! బిడారు అనగానే మీకు ఏం గుర్తుకు వస్తుంది? ఇసుక దిబ్బల మీద బారులు తీరి నడిచే ఒంటెలు, అవునా? మన రాయలసీమలోనూ ఒకప్పుడు బిడార్లు నడిచాయి. అయితే వాటిలో బరువు మోసినవి ఒంటెలు కావు, ఎద్దులు.

అహోబిలంలో నిలబడి చూడండి. ఒకవైపు నల్లమల కొండలు, మరొకవైపు మెట్ట పొలాలు. ఈ మెట్టలో జొన్నలు, కొర్రలు పండుతాయి. చవిటి మట్టి నుంచి కొంత ఉప్పు తీసేవారు గాని, సముద్రపు ఉప్పు కావాలంటే కోస్తా నుంచి రావలసిందే. మధ్యలో నల్లమల అడ్డం. అహోబిలానికి ఉత్తరాన ఉన్న నంది కనమ, మంత్రాల కనమ వంటి దారుల గుండానే ఆ కొండలు దాటాలి.

బండి పోలేని దారిలో కూడా పెరిక ఎద్దు పోగలదు. పెరిక అంటే ఎద్దు వీపుకు ఇరువైపులా వేలాడే జోడు సంచి. ఇలా ఉప్పు, ధాన్యం మోయించినవారిలో ముఖ్యులు లంబాడీలు. సీమలో వారిని సుగాలీలు అంటారు. 1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, మన దేశంలో పది పన్నెండు వేల ఎద్దులున్న బిడార్లు సాగేవని రాశాడు.

అన్ని ఎద్దులకు మేత ఎవరు పెట్టారు? దారే పెట్టింది! ఎద్దు నెమరువేసే జంతువు. మేయడానికి కొన్ని గంటలు, నెమరుకు మరికొన్ని గంటలు కావాలి. అందుకే బిడారు రోజుకు పది పదిహేను కిలోమీటర్లు నడిచి, గడ్డీ నీరూ ఉన్న చోట దిగేది. నడక నిదానమే అయినా, మేతకు ఖర్చు లేదు గనుక సరుకు చౌకగా చేరేది.

మరి దారిలో గడ్డీ నీరూ లేకపోతే? ఒక చిన్న లెక్క వేద్దాం. ఎద్దు మోసే బరువు 120 కిలోలు అనుకోండి. రోజుకు అది 8 కిలోల ఎండుమేత తిని, 30 లీటర్ల నీరు తాగుతుందనుకోండి. లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. అంటే రోజుకు 38 కిలోలు. మూడు రోజులకు 114 కిలోలు! ఆ మేతా నీరూ ఎద్దు వీపు మీదనే తేవాలంటే, సరుకుకు మిగిలేది 6 కిలోలే. నాలుగో రోజుకు చాలనే చాలదు.

ఎడారిలో ఒంటె ఎలా నెగ్గుకువస్తుంది? దాని మూపురంలో నీళ్లుంటాయని కొందరు అనుకుంటారు. అది పొరపాటు, ఉండేది కొవ్వు. 1953-54లో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రజ్ఞుడు సహారాలో ఒంటెలను పరిశీలించాడు. దాహంతో ఉన్న ఒంటె శరీర ఉష్ణోగ్రత తెల్లవారుజామున 34 డిగ్రీల సెల్సియస్‌కు దిగి, పగలు 41 దాకా పెరుగుతుంది. ఒళ్లు వేడెక్కినా ఓర్చుకుంటుంది గనుక చెమట ఆదా అవుతుంది. దాని మూత్రం చిక్కన, పేడ పొడి. శరీర బరువులో నాలుగో వంతు నీరు పోయినా తట్టుకొని, నీరు దొరికినప్పుడు పది నిమిషాల్లో వంద లీటర్లు తాగగలదు. ఎద్దుకు ఈ శక్తి లేదు. చెమటలోనూ, తడి పేడలోనూ దాని ఒంటి నీరు పోతూనే ఉంటుంది.

ఇందులోనే ఒక విషాదం ఉంది. వాన పడకపోతే పంట ఎండుతుంది. దారి పక్క గడ్డీ ఎండుతుంది. ధాన్యం ఎంతో అవసరమైన ఏడాదే, దాన్ని మోసే పశువు నడవలేదు. 1876-78 నాటి ధాత కరువులో జరిగినది ఇదే. 1871 నాటికే మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం కడప, గుత్తి మీదుగా సాగి, రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. గుత్తిదాకా ధాన్యం రైల్లో వచ్చింది. కాని అక్కడి నుంచి కర్నూలు పల్లెలకు చేర్చవలసింది ఎద్దులే. వాటికి మేత లేదు. కర్నూలు జిల్లాలో ఎన్నో ప్రాణాలు పోయాయి.

రైలుకు బొగ్గు కావాలి గాని గడ్డి అక్కర్లేదు. రైళ్లు, రోడ్లు పెరిగేకొద్దీ బిడార్లు తగ్గిపోయాయి. లంబాడీలు తండాలలో స్థిరపడి సేద్యం, కూలి పనులు చేపట్టారు. ఇప్పుడు నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల మీదుగా రైలు పోతుంది.

మీ ఇంటనో, పొరుగింటనో ఎద్దు ఉంటే, ఎండాకాలం ఒక రోజు అది ఎన్ని బిందెల నీరు తాగుతుందో లెక్కించండి. మన లెక్కలో 30కి బదులు ఆ అంకె వేసి చూడండి. మీ బిడారు ఎన్ని రోజులు నడుస్తుంది?